పీయూష గ్రంథి బ్రేకులు, వయసుతో వచ్చే మతిమరుపు

పొద్దున ఎనిమిదింటికి తీసిన రక్తంలో కార్టిసోల్ 14 మైక్రోగ్రాములు ఉందని రిపోర్టు వచ్చిందనుకుందాం. పక్కనే ల్యాబువాళ్లు అచ్చువేసిన నార్మల్ రేంజి ఉంటుంది. 14 దాని మధ్యలోనే పడుతుంది. ఆ కాగితం చూపించి డెబ్బై ఏళ్ల మనిషితో ఎవరైనా "మీ స్ట్రెస్ హార్మోన్ బాగానే ఉంది, మతిమరుపు గురించి బెంగ పెట్టుకోకండి" అంటే నమ్మనక్కర్లేదు. అదే మనిషికి సాయంత్రం రక్తం తీస్తే ఆ అంకె సగానికి పడిపోయి ఉండేది. అర్ధరాత్రి ఇంకా దిగేది. సూదిని చూసి గుండె దడదడలాడితే మళ్లీ పైకి లేచేది. గంటగంటకీ మారే హార్మోన్‌ని ఒక్కసారి కొలిచి భవిష్యత్తు చెప్పడం, బస్టాండులో ఒక్క నిమిషం నిలబడి ఊరి జనాభా ఎంతో చెప్పడం లాంటిది.

వయసు మీద పడిన మెదడుకీ హార్మోన్లకీ ఉన్న సంబంధాన్ని వెతికినవాళ్లు చాలాకాలం ఈ అంకెల చుట్టూనే తిరిగారు. అంకె ఎంత అన్నదానికంటే అది ఎంత వేగంగా ఎక్కుతోంది, ఎక్కాక ఎంతసేపటికి దిగుతోంది అన్నదే ఎక్కువ సంగతులు చెబుతుందని తర్వాత్తర్వాత తేలింది. ఎక్కడాన్నీ దిగడాన్నీ నడిపే కీలకమైన మజిలీ పీయూష గ్రంథి.

మెదడు అడుగున, ముక్కు వెనక భాగానికి కాస్త పైన, ఎముకలో చిన్న గుంట ఉంటుంది. ఆ గుంటలో శనగ గింజంత గ్రంథి, అర గ్రాము బరువు. దాని ఇంగ్లిష్ పేరుకి మూలం లాటిన్‌లో శ్లేష్మం అనే మాట. మెదడులో తయారైన శ్లేష్మం ఈ గ్రంథి గుండానే ముక్కులోకి దిగుతుందని పాతకాలం యూరప్ వైద్యులు అనుకునేవారు. మన పాఠ్యపుస్తకాల్లోకి వచ్చేసరికి అది పీయూష గ్రంథి అయింది. పీయూషం అంటే అమృతం, ఆవు ఈనగానే ఇచ్చే జున్నుపాలు కూడా. తల్లికి పాలు పడేలా చేసే ప్రోలాక్టిన్ ఈ గ్రంథిలోంచే వస్తుంది. పేరు పెట్టినవాళ్లు అది తెలిసి పెట్టారో లేదో గానీ, భలే కుదిరింది.

స్కూల్లో దీన్ని మాస్టర్ గ్రంథి అని చెబుతారు. నిజానికి దీనికీ పైన ఒక పెత్తందారు ఉంది, మెదడులోని హైపోథాలమస్ అనే భాగం. భయం, జ్వరం, దెబ్బ, ఆకలి, నలుగురిలో నిలబడి మాట్లాడాల్సి రావడం, ఏదైనా సరే, ముందు అక్కడికి కబురు వెళుతుంది. హైపోథాలమస్ సీఆర్‌హెచ్ అనే హార్మోన్‌ని చుక్కలుగా వదులుతుంది. ఇది 41 అమైనో ఆమ్లాల గొలుసు. అమెరికాలోని సాక్ ఇన్‌స్టిట్యూట్‌లో వైలీ వేల్ బృందం గొర్రె మెదళ్లలోంచి తీసి 1981లో దీని నిర్మాణాన్ని బయటపెట్టింది. సీఆర్‌హెచ్ అందగానే పీయూష గ్రంథి ఏసీటీహెచ్ అనే ఇంకో హార్మోన్‌ని రక్తంలోకి పంపుతుంది. ఏసీటీహెచ్ మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అధివృక్క గ్రంథులకు చేరితే అవి కార్టిసోల్‌ని విడుదల చేస్తాయి. చక్కెర పెరుగుతుంది, ఒళ్లు సిద్ధమవుతుంది, మెదడు చురుగ్గా మారుతుంది.

ఇక్కడిదాకా అందరికీ తెలిసిన కథే. తర్వాతిదే ముఖ్యం. పెరిగిన కార్టిసోల్ మళ్లీ తలకే ప్రయాణం చేసి, పీయూష గ్రంథికీ హైపోథాలమస్‌కీ "ఇక చాలు" అని చెబుతుంది. డాబా మీద నీళ్ల ట్యాంకులో తేలే బంతిలాంటి ఏర్పాటు ఇది. నీళ్లు నిండితే బంతి లేస్తుంది, పైపు మూసుకుంటుంది. బంతి పాతబడి బిగుసుకుపోయినా, చిల్లుపడి మునిగిపోయినా నీళ్లు పొర్లుతూనే ఉంటాయి. మోటారు బాగానే ఉంటుంది, ట్యాంకూ బాగానే ఉంటుంది. చెడింది ఆ బంతే.

ముసలితనంలో ఈ బంతికి ఏమవుతుందో తెలుసుకోవడానికి డాక్టర్లు వాడే పద్ధతులు రెండు మూడు ఉన్నాయి. తేలికైనది డెక్సామెథాసోన్ పరీక్ష. రాత్రి పదకొండింటికి ఒక మిల్లీగ్రాము మాత్ర వేసుకోవాలి. ఇది కార్టిసోల్‌కి నకలు, అసలుకంటే చాలా బలమైనది. పీయూష గ్రంథి దాన్ని చూసి కార్టిసోల్ నిండుగా ఉందని మోసపోతుంది, ఏసీటీహెచ్ ఆపేస్తుంది. పొద్దున ఎనిమిదింటికి రక్తం తీస్తే కార్టిసోల్ 1.8 మైక్రోగ్రాముల కిందకి పడి ఉండాలి. పడకపోతే బ్రేకు పట్టడం లేదన్నమాట. రక్తంలోని పదార్థాలను మెదడులోకి రానివ్వకుండా వడకట్టే కంచె ఒకటి ఉంది, అందుకే డెక్సామెథాసోన్ మెదడులోకి అంత సులువుగా దూరదు. పీయూష గ్రంథి మాత్రం ఆ కంచెకి బయటే ఉంటుంది. అందుకని ఈ పరీక్ష ముఖ్యంగా కొలిచేది పీయూష గ్రంథి బ్రేకునే.

జర్మనీలోని మ్యూనిక్‌లో మాక్స్ ప్లాంక్ సైకియాట్రీ సంస్థవాళ్లు దీన్ని ఇంకాస్త గడుసుగా మార్చారు. రాత్రి డెక్సామెథాసోన్ ఇచ్చి బ్రేకు తొక్కుతారు. మర్నాడు మధ్యాహ్నం మూడింటికి సీఆర్‌హెచ్ ఇంజెక్షన్ ఇచ్చి యాక్సిలరేటర్ నొక్కుతారు. బ్రేకు గట్టిగా ఉంటే బండి కదలకూడదు, అంటే కార్టిసోల్ పెరగకూడదు. జబ్బేమీ లేని పెద్దవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, కుర్రవాళ్లకంటే బండి ఎక్కువ కదిలింది. 1994లో వచ్చిన ఈ ఫలితాన్ని తర్వాత వేరే చోట్ల వేరే పద్ధతుల్లోనూ చూశారు. 2005లో క్రిస్టియన్ ఒట్టే బృందం 45 అధ్యయనాలను కలిపి లెక్కగడితే, ఏదైనా ఒత్తిడి పెట్టినప్పుడు పెద్దవాళ్లలో కార్టిసోల్ స్పందన కుర్రవాళ్లకంటే ఎక్కువగా ఉందని తేలింది. వయసు తెచ్చిన ఆ తేడా మగవాళ్లకంటే ఆడవాళ్లలో దాదాపు మూడు రెట్లు.

రాత్రి సంగతి ఇంకోటి ఉంది. మామూలుగా కార్టిసోల్ పడుకున్న తొలి గంటల్లో అడుగంటుతుంది, తెల్లవారుజామున లేస్తుంది. ఇరవై ఏళ్ల నుంచి ఎనభై ఏళ్ల మధ్య ఇరవైనాలుగు గంటల సగటు 20 నుంచి 50 శాతం దాకా పెరుగుతుందని 1996లో ఈవ్ వాన్ కాటర్ బృందం చూపించింది. పొద్దుటి శిఖరం పెద్దగా పెరగదు, రాత్రి అడుగే పైకి తేలుతుంది. లేచే వేళ కూడా ముందుకు జరుగుతుంది. తాతయ్యలు మూడున్నరకే లేచి వాకిట్లో కూర్చోవడంలో ఈ గడియారం పాత్ర కొంత ఉంది. ఇక్కడే మొదట్లో చెప్పిన ల్యాబు రిపోర్టు చేతగానితనం బయటపడుతుంది. మార్పు అర్ధరాత్రి జరుగుతుంటే రక్తం తీసేది పొద్దున.

మెదడుకి దీంతో పనేమిటి? 1968లో బ్రూస్ మెక్‌యూయెన్, ఆయన సహచరులు ఎలుకలకు రేడియోధార్మిక గుర్తు వేసిన స్టెరాయిడ్ హార్మోన్ ఎక్కించి, అది మెదడులో ఎక్కడ అతుక్కుంటుందో చూశారు. హైపోథాలమస్‌లో కనిపిస్తుందనుకుంటే హిప్పోకాంపస్‌లో దట్టంగా కనిపించింది. నిన్న ఏం కూర తిన్నాం, బండి తాళాలు ఎక్కడ పెట్టాం, కొత్తగా వచ్చిన పక్కింటివాళ్ల పేరేమిటి లాంటివన్నీ దాచేది ఆ భాగమే. కార్టిసోల్‌కి బ్రేకు వేయమని హైపోథాలమస్‌కి చెప్పేవాటిలో కూడా అది ఒకటి.

అంటే బ్రేకు కూడా అదే, దెబ్బతినేదీ అదే. రాబర్ట్ సపోల్‌స్కీ, లూయిస్ క్రే, మెక్‌యూయెన్ 1986లో ఈ రెండు ముక్కలనూ కలిపి ఒక సిద్ధాంతం కట్టారు. ఏళ్ల తరబడి ఎక్కువగా ఉన్న కార్టిసోల్ హిప్పోకాంపస్‌ని అరగదీస్తుంది. అరిగిన హిప్పోకాంపస్ బ్రేకు సరిగా వేయలేదు. దాంతో కార్టిసోల్ ఇంకా పెరుగుతుంది, ఇంకా అరుగుతుంది. మెట్ల మీద నుంచి జారినట్టు ఒకదాని వెంట ఒకటి. చెప్పడానికి ఎంత చక్కగా ఉందో చూడండి. అంత చక్కగా ఉన్న సిద్ధాంతాన్ని కాస్త అనుమానంగానే చూడాలి, తర్వాత వచ్చిన ఆధారాలు కూడా అదే చెప్పాయి.

ఆరోగ్యంగా ఉన్న మనుషుల్లో దీనికి మొదట దొరికిన గట్టి ఆధారం కెనడాలోని మాంట్రియల్ నుంచి వచ్చింది. సోనియా లూపియన్ బృందం కొందరు పెద్దవాళ్లను ఏళ్ల తరబడి వెంటాడింది. ఏటా ఒకసారి పిలిచి, ఇరవైనాలుగు గంటలూ దగ్గర ఉంచుకుని, గంటగంటకీ రక్తం తీసింది. అలా చేస్తే ఒక్క అంకె బదులు ఒక్కొక్కరి గీత దొరికింది. కొందరి గీత ఏటేటా పైకి పోతోంది, ఎత్తులోనే ఉంటోంది. కొందరిది కిందికి దిగుతోంది, లేదా మధ్యలోనే ఉంటోంది. 1998లో నేచర్ న్యూరోసైన్స్‌లో వచ్చిన ఫలితం ప్రకారం, గీత పైకి పోయినవాళ్ల హిప్పోకాంపస్ మిగతావాళ్లతో పోలిస్తే 14 శాతం చిన్నది. ఒక చిక్కుదారిని చూపించి కాసేపయ్యాక మళ్లీ గుర్తు చేసుకోమంటే వాళ్లు వెనకబడ్డారు. అప్పటికప్పుడు చెప్పించే పరీక్షల్లో మాత్రం తేడా రాలేదు. ఇది గమనించాల్సిన సంగతి, ఎందుకంటే కాసేపాగి గుర్తు తెచ్చుకోవడమే హిప్పోకాంపస్ పని.

అయితే ఆ పోలికలో ఉన్నవాళ్లు పట్టుమని డజను మంది కూడా లేరు. ఏటా ఇరవైనాలుగు గంటలు సూది పెట్టించుకోవడానికి ఒప్పుకునే పెద్దవాళ్లు ఎంతమంది దొరుకుతారు? ఆ ఓపికవల్లే అధ్యయనం విలువైనది, ఆ సంఖ్యవల్లే బలహీనమైనది.

పెద్ద సంఖ్యల కోసం అమెరికా వైపు చూడాలి. మెకార్థర్ అధ్యయనంలో డెబ్బై దాటిన ఆరోగ్యవంతుల మూత్రంలో కార్టిసోల్‌ని రెండున్నరేళ్ల తేడాతో రెండుసార్లు కొలిచారు. 1997లో టెరీసా సీమన్ బృందం రాసినదాని ప్రకారం, ఈ మధ్యకాలంలో కార్టిసోల్ పెరిగిన ఆడవాళ్లలో జ్ఞాపకశక్తి తగ్గింది, తగ్గినవాళ్లలో మెరుగుపడింది. మగవాళ్లలో ఇది కనిపించలేదు. 2018లో ఫ్రేమింగ్‌హామ్ గుండె అధ్యయనం నుంచి 2,231 మంది లెక్కలు వచ్చాయి. సగటు వయసు 48 దాటిందంతే, ఎవరికీ డిమెన్షియా, అంటే మతి క్షీణించే జబ్బు, లేదు. పొద్దున తీసిన రక్తంలో కార్టిసోల్ ఎక్కువున్నవాళ్ల మెదడు పరిమాణం కొంచెం తక్కువ, జ్ఞాపకం కొంచెం తక్కువ, ఇక్కడా ఆడవాళ్లలోనే ఎక్కువగా. ఆ పరిశోధనకి పెద్దదిక్కు భారతీయ మూలాలున్న న్యూరాలజిస్టు సుధా శేషాద్రి.

వేలమందిని చూసినప్పుడు పొద్దుటి ఒక్క అంకె కూడా కొంత చెప్పిందన్నమాట. కానీ గుంపు సగటుల్లో కనిపించే చిన్న తేడా ఒక మనిషి రిపోర్టులో ఏమీ తేల్చదు. రెండు అంకెల మధ్య తేడా ఆ మనిషి రాత్రి నిద్రపోలేదనో, ఆటోవాడితో గొడవపడి వచ్చాడనో కావచ్చు.

ఆడవాళ్లలోనే ఎందుకు? మెనోపాజ్ తర్వాత ఈస్ట్రోజన్ తగ్గడంతో ఈ బ్రేకు సడలుతుందన్నది ఒక వివరణ. అదే నిజమైతే ఈస్ట్రోజన్ మాత్రలు ఇస్తే సరిపోవాలి కదా అని ఎవరికైనా తోస్తుంది. అమెరికాలో 65 దాటిన 4,532 మంది ఆడవాళ్లపై ఆ పరీక్షా జరిగింది. 2003లో ఫలితం వచ్చేసరికి ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ కలిపి వేసుకున్నవాళ్లలో డిమెన్షియా కేసులు 40, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 21. తగ్గిన హార్మోన్‌ని నింపేస్తే వయసు వెనక్కి పోతుందనే ఆలోచనకి ఇంతకంటే పెద్ద చెంపదెబ్బ లేదు.

ముందు గుడ్డా ముందు కోడా అన్న సందేహం కూడా వదల్లేదు. కార్టిసోల్ వల్ల హిప్పోకాంపస్ చిన్నదైందా, పుట్టుకతోనే చిన్న హిప్పోకాంపస్ ఉన్నవాళ్లకు బ్రేకు సరిగా పడక కార్టిసోల్ పెరిగిందా? దీనికి ఒక తెలివైన దారి వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల్లో దొరికింది. యుద్ధానికి వెళ్లి మానసికంగా దెబ్బతిన్నవాళ్ల హిప్పోకాంపస్ చిన్నగా ఉండడం అప్పటికే తెలుసు. 2002లో మార్క్ గిల్బర్ట్‌సన్ బృందం వాళ్ల కవల సోదరులను కూడా స్కాన్ చేసింది. అచ్చంగా ఒకే జన్యువులున్న ఆ సోదరులు యుద్ధం మొహం చూడలేదు. వాళ్ల హిప్పోకాంపస్ కూడా అంతే చిన్నది. అంటే కనీసం వాళ్ల విషయంలో చిన్నదనం ముందే ఉంది. వీళ్లు ముసలివాళ్లు కారు, ఆ జబ్బు వేరు, అయినా మెట్లమీద జారే సిద్ధాంతానికి ఇది గట్టిగానే తగిలింది.

మరోవైపు కార్టిసోల్ నిజంగానే హిప్పోకాంపస్‌ని కుదించగలదని, ఆ కుదింపు కొంతవరకు తిరగబడగలదని చూపించే మనుషులూ ఉన్నారు. పీయూష గ్రంథిలో చిన్న గడ్డ లేచి ఏసీటీహెచ్‌ని ఆపకుండా వదులుతుంటే వచ్చేది కుషింగ్ జబ్బు. మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, పొట్ట పెరిగి కాళ్లు చేతులు సన్నబడతాయి, జ్ఞాపకం మొద్దుబారుతుంది. మిషిగన్‌లో మోనికా స్టార్క్‌మన్ బృందం చికిత్సకి ముందూ తర్వాతా స్కాన్లు తీసింది. కార్టిసోల్ మామూలయ్యాక హిప్పోకాంపస్ కొందరిలో 10 శాతం దాకా పెరిగింది.

తెలుగునాట దీనికి ఇంకో రూపం ఉంది, దాని మీద మాట్లాడేవాళ్లు తక్కువ. మోకాళ్ల నొప్పులకీ ఆయాసానికీ పేరు చెప్పకుండా పొట్లం కట్టి ఇచ్చే మాత్రల్లో డెక్సామెథాసోన్, ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్లు ఉండడం పల్లెల్లో కొత్త సంగతి కాదు. రెండు రోజుల్లో నొప్పి పోతుంది, ఆకలి పుడుతుంది, ఆ మాత్రకి ఊళ్లో మంచి పేరొస్తుంది. నెలల తరబడి వాడితే పీయూష గ్రంథి మోసపోయి ఏసీటీహెచ్ ఆపేస్తుంది, అధివృక్క గ్రంథులు పని మరిచి ముడుచుకుపోతాయి. ఓ రోజు ఎవరో భయపెడితే పెద్దాయన మాత్రలు ఒక్కసారిగా మానేస్తాడు. అప్పుడు సొంత కార్టిసోల్ రాదు. బీపీ పడిపోతుంది, వాంతులు, ఒళ్లు తేలిపోవడం, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం. ఇంట్లోవాళ్లు "నాన్నకి మతి పోయింది" అనుకుంటారు. ఇది డిమెన్షియా కాదు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన ఎమర్జెన్సీ. వాడుతున్న మాత్రల పొట్లం వెంట తీసుకెళితే డాక్టరుకి సగం పని అయిపోయినట్టే.

ఈ సంగతే ఇంకో నిజాన్నీ చెబుతుంది. కార్టిసోల్ తక్కువైనా మెదడు నడవదు. మెటిరాపోన్ అనే మందుతో కార్టిసోల్ తయారీని ఆపి చూసినప్పుడు జ్ఞాపకశక్తి తగ్గింది, కార్టిసోల్ తిరిగి ఎక్కించగానే కోలుకుంది. హిప్పోకాంపస్‌లో ఈ హార్మోన్‌ని పట్టుకునే గ్రాహకాలు రెండు రకాలు. ఒక రకం కొద్దిపాటి కార్టిసోల్‌కే నిండిపోతుంది, జ్ఞాపకం సజావుగా నడవడానికి అది నిండాలి. రెండో రకం ఒత్తిడి వేళ ఎక్కువైనప్పుడే నిండుతుంది, అది అస్తమానం నిండి ఉంటే చేటు. కూరలో ఉప్పులాగే. అందుకే కార్టిసోల్ తగ్గించే పొడులంటూ ఆన్‌లైన్‌లో అమ్మేవాటిని చూసినప్పుడు, ఎంత తగ్గించాలనుకుంటున్నారు, ఏ వేళ తగ్గించాలనుకుంటున్నారు అని అడగాలనిపిస్తుంది.

పీయూష గ్రంథి చేతిలో ఇంకా చాలా హార్మోన్లున్నాయి. వాటిలో గ్రోత్ హార్మోన్ కథ కార్టిసోల్‌కి సరిగ్గా తిరగేసినట్టు ఉంటుంది. పిల్లలను పొడుగు చేయడమే దాని పని అనుకుంటాం గానీ, పెద్దయ్యాక కూడా గాఢనిద్రలో అది విడతలుగా వస్తూనే ఉంటుంది. ముప్పై తర్వాత పదేళ్లకోసారి సుమారు 14 శాతం చొప్పున తగ్గుతుందని ఒక లెక్క. గ్రంథి అరిగిపోయిందేమో అనుకున్నారు మొదట్లో. ఇటలీలోని ట్యూరిన్‌లో ఎజియో గీగో బృందం 1990లో ఓ చిన్న ప్రయోగం చేసింది. పెద్దవాళ్లకు జీహెచ్ఆర్‌హెచ్ అనే ప్రేరేపక హార్మోన్ ఒక్కటే ఇస్తే పీయూష గ్రంథి బద్ధకంగా స్పందించింది. దాంతోపాటు ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం కూడా ఎక్కిస్తే కుర్రవాళ్లలో వచ్చినంత గ్రోత్ హార్మోన్ వచ్చింది. ఆర్జినిన్ చేసే పని సొమాటోస్టాటిన్ అనే బ్రేకుని వదులు చేయడం. అంటే డెబ్బై ఏళ్ల గ్రంథిలో సరుకు అలాగే ఉంది, బ్రేకు బిగుసుకుపోయింది. కార్టిసోల్ దగ్గర సడలిన బ్రేకు, ఇక్కడ బిగిసిన బ్రేకు. రెండు చోట్లా గ్రంథి కంటే దాన్ని అదుపుచేసే ఏర్పాటే ముందు ముసలిదవుతోంది.

ఈ బిగింపుని కాస్త వదిలితే బుర్ర బాగుపడుతుందా అని సియాటిల్‌లో లారా బేకర్ బృందం చూసింది. 55 నుంచి 87 ఏళ్ల మధ్యవాళ్లు 152 మంది, అందులో కొందరు పూర్తి ఆరోగ్యవంతులు, కొందరికి తేలికపాటి మతిమరుపు. టెసామొరెలిన్ అనే జీహెచ్ఆర్‌హెచ్ తరహా మందు రోజూ చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇరవై వారాలు. 2012లో వచ్చిన ఫలితంలో ప్రణాళిక వేసుకోవడం, ఒక పని నుంచి ఇంకో పనికి మారడం లాంటి సామర్థ్యాలు మందు తీసుకున్నవాళ్లలో మెరుగయ్యాయి, ఆరోగ్యవంతుల్లోనూ మతిమరుపు ఉన్నవాళ్లలోనూ. కొవ్వు 7.4 శాతం తగ్గింది. ఇరవై వారాలు చిన్న కాలం. చిన్న చిన్న ఇబ్బందులు వచ్చినవాళ్లు మందు వైపు 68 శాతం, ఉత్తుత్తి ఇంజెక్షన్ వైపు 36 శాతం. దీన్ని చూసి యవ్వనం తెప్పిస్తామనే క్లినిక్కుల్లో గ్రోత్ హార్మోన్ కొట్టించుకోవడం వేరే సంగతి. అక్కడ బ్రేకుని వదులు చేయడం ఉండదు, హార్మోన్‌ని నేరుగా కుమ్మరిస్తారు. షుగరు పెరగడం, కీళ్లవాపులు వాటి వెంటే వస్తాయి.

గ్రోత్ హార్మోన్ పేరెత్తాక ఒక చీకటి ముచ్చట చెప్పకుండా ఉండలేం. జన్యు సాంకేతికత రాకముందు దీన్ని శవాల పీయూష గ్రంథుల్లోంచి తీసి పొట్టి పిల్లలకు ఇచ్చేవారు. బ్రిటన్‌లో 1959 నుంచి 1985 దాకా 1,848 మందికి అలా ఇచ్చారు. కొన్ని గ్రంథుల్లో ప్రియాన్లు అనే చెడిపోయిన ప్రోటీన్లు ఉండడంతో ఏళ్ల తర్వాత కొందరికి ప్రాణాంతకమైన మెదడు జబ్బు వచ్చింది. అలా ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్లలో అయిదుగురికి చిన్న వయసులోనే అల్జీమర్స్ లక్షణాలు కనిపించాయని 2024లో లండన్ పరిశోధకులు రాశారు. దోషం హార్మోన్‌ది కాదు, దాంతో పాటు చేరిన ప్రోటీన్ ముక్కలది.

థైరాయిడ్ సంగతి క్లుప్తంగా. మనిళ్లలో అందరికీ తెలిసిన పీయూష హార్మోన్ ఏదైనా ఉందంటే థైరాయిడ్ గ్రంథిని నడిపే టీఎస్‌హెచ్. వయసుతో అది కాస్త పైకి జరగడం మామూలే. థైరాయిడ్ హార్మోన్ సరిగానే ఉండి టీఎస్‌హెచ్ మాత్రమే కొద్దిగా ఎక్కువున్న 737 మంది పెద్దవాళ్లకు యూరప్‌లో మాత్ర ఇచ్చి చూశారు. 2017లో తేలింది ఏమిటంటే, అలసటా తగ్గలేదు, బుర్ర చురుకూ పెరగలేదు. టీఎస్‌హెచ్ బాగా ఎక్కువున్నవాళ్లకు, థైరాయిడ్ హార్మోన్ పడిపోయినవాళ్లకు మాత్ర కావాల్సిందే. మానేయమని ఎవరూ చెప్పడం లేదు.

మళ్లీ కార్టిసోల్ దగ్గరికి వస్తే, రక్తంలో కొలిచేది కథలో ఒక భాగమే. మెదడు కణాల లోపల ఒక ఎంజైము ఉంటుంది, నిద్రాణంగా ఉన్న కార్టిసోన్‌ని అక్కడికక్కడే కార్టిసోల్‌గా మార్చేస్తుంది. రక్తంలో అంకె మామూలుగానే ఉంటుంది, హిప్పోకాంపస్ లోపల మాత్రం ఎక్కువవుతుంది. ఎడిన్‌బరోలో బ్రయన్ వాకర్, జొనాథన్ సెకల్ బృందం ఈ ఎంజైముని అడ్డుకునే కార్బెనాక్సొలోన్ అనే పాత అల్సర్ మందుని 55 దాటిన 10 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకు నాలుగు వారాలు ఇచ్చింది. ఒక అక్షరంతో మొదలయ్యే మాటలు గబగబా చెప్పమనే పరీక్షలో వాళ్లు మెరుగయ్యారని 2004లో రాశారు. ఈ మందు పుట్టింది అతిమధురం వేరులోని పదార్థం నుంచి. గొంతు గరగరకు నోట్లో వేసుకునే అదే అతిమధురం. ఈ వాక్యం చదివి రోజూ ఆ వేరు నమలడం మొదలెడితే మాత్రం బీపీ పెరిగి, పొటాషియం పడిపోయి ఆస్పత్రి పాలవుతారు, ఆ వేరులోని పదార్థం మూత్రపిండాల్లో ఇంకో ఎంజైముని కూడా ఆపేస్తుంది. తర్వాత ఇదే దారిలో చేసిన కొత్త మందు ఒకటి అల్జీమర్స్ రోగుల్లో పనిచేయలేదు.

వీటన్నిటినీ తూకం వేస్తే హార్మోన్ల వాటా ఉందని ఒప్పుకోవాలి, అది పెద్దది కాదని కూడా ఒప్పుకోవాలి. మన దేశంలో అరవై దాటినవాళ్లలో డిమెన్షియా 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మంది అని పెద్దవాళ్ల మీద దేశవ్యాప్తంగా జరిగిన లాసీ-డాడ్ సర్వే లెక్క. పల్లెల్లోనూ ఆడవాళ్లలోనూ ఎక్కువ. చదువు లేకపోవడం, బీపీ, షుగరు, చెవుడు లాంటివి అక్కడ గట్టిగా పనిచేస్తాయి. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూస్తే, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి మొహం చూడనివాళ్లలోనూ ఆ ఆలస్యం కనిపించింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసిన బజారు మాటలకున్న ఆ బలాన్ని చూపించగలిగిన హార్మోన్ మందు ఇప్పటికైతే లేదు.

చివరగా, అసలు కొలిచేటప్పుడే జరిగే ఒక తిరకాసు. జర్మనీలోని ట్రయర్‌లో 1993లో క్లెమెన్స్ కిర్ష్‌బామ్ బృందం ఒత్తిడిని కొలవడానికి ఒక పరీక్ష తయారుచేసింది. మొహంలో ఏ భావమూ లేని ముగ్గురి ముందు అయిదు నిమిషాలు మాట్లాడాలి. తర్వాత 1022 నుంచి 13 చొప్పున తీసేస్తూ పైకి చెప్పాలి. 1009, 996, 983. తప్పితే మళ్లీ 1022 నుంచి. ఏసీటీహెచ్ నిమిషాల్లో లేస్తుంది, దాని వెనకే కార్టిసోల్ రెండు మూడు రెట్లవుతుంది.

ఇప్పుడు జ్ఞాపకశక్తి క్లినిక్కులో కూర్చున్న పెద్దావిడని చూడండి. ఊరి నుంచి తెల్లవారుజామున బయల్దేరి వచ్చింది. టీ కూడా తాగలేదు. ఏసీ గదిలో మనవరాలి వయసున్న అమ్మాయి ఎదురుగా కూర్చుని, మొహంలో ఏ భావమూ లేకుండా "అమ్మా, వందలోంచి ఏడు తీసేస్తే ఎంత?" అంటుంది. "తొంభై మూడు." "అందులోంచి ఇంకో ఏడు?" పక్కన కూతురు పెదాలు కదుపుతోంది. పెద్దావిడ చీర చెంగు వేలికి చుట్టుకుంటూ కూతురి వైపు చూస్తుంది. ట్రయర్ పరీక్షకీ దీనికీ తేడా ఎంత?

లూపియన్ బృందమే 2013లో దీన్ని పరీక్షించింది. పరిశోధనలు మామూలుగా జరిగే పద్ధతి కుర్రవాళ్లకు అనుకూలం. తెలియని చోటు, మధ్యాహ్నం వేళ, కుర్ర పరీక్షకులు. ఆ పద్ధతిలో పెద్దవాళ్ల కార్టిసోల్ పెరిగింది, జ్ఞాపకం తగ్గింది. వాళ్లకు తెలిసిన చోట, పొద్దున పూట, ముందే పరిచయమున్న పెద్ద వయసు మనిషితో చేయిస్తే కార్టిసోల్ తగ్గింది, జ్ఞాపకం మెరుగైంది. మన దగ్గర హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో చదువురాని పెద్దల కోసం తయారైన పరీక్షలో ఈ ఇబ్బంది కొంత తగ్గించారు. ఇప్పుడు పొద్దునా, మధ్యాహ్నమా, సాయంత్రమా అని అడుగుతారు. వందలోంచి ఏడుల బదులు ఇరవైలోంచి మూడులు. ఇదే ప్రశ్న ఆ పెద్దావిడని ఆమె ఇంటి అరుగు మీద, పొద్దున టీ అయ్యాక, చిల్లర లెక్కపెట్టుకుంటున్నప్పుడు అడిగితే ఇరవైలోంచి మూడేమిటి, పాలవాడికి నెలంతా ఇవ్వాల్సిన బాకీ కూడా పైసలతో సహా చెప్పేస్తుంది.